విదేశములలో మన ఉపాధ్యాయులు: రాకకు వీసా, ఉనికికి హక్కు

షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఒకటి నేటికిని నిలిచియున్నది. గోలకొండకు పోవు వర్తకులును బాటసారులును దిగి విశ్రమించుటకై కట్టిన రెండంతస్తుల కట్టడమది. మనుష్యులకు గదులు, గుఱ్ఱములకును ఒంటెలకును కొట్టములు, ప్రార్థనకు మసీదు అందులో అమరియున్నవి. పరదేశి వచ్చినచో లోనికి రానిత్తురు, పడుకొనుటకు చోటిత్తురు; కాని ఆ గది ఎన్నటికిని అతనిది కాదు. ఆ సరాయి చుట్టును నేడు మేడలు లేచినవి. ఒకప్రక్క ఫిల్మ్‌నగర్, జూబిలీ హిల్స్. మరియొకప్రక్క టోలీచౌకి, రాయదుర్గము. ఆ వీథులలోని ఇండ్లలో పిల్లలకు లెక్కలో, సైన్సో, ఇంగ్లీషో చెప్పి జీవనము గడుపు ఉపాధ్యాయులు పలువురున్నారు. వారిలో దుబాయికో, మాల్దీవులకో, అమెరికాలోని ఏదో యొక జిల్లా బడికో పోయినవారును, పోవలెనని తలచుచున్నవారును కలరు. అట్టి ఇండ్లలో మేము తరచుగా వినుచున్న ప్రశ్న ఒక్కటే: "వీసా వచ్చింది కదా, ఇంక ఎన్నేళ్లయినా ఉండవచ్చునా?"

ఎన్నేండ్లుండవచ్చునో వీసా చెప్పదు. వీసా యనునది గుమ్మము దాటుటకు ఇచ్చు అనుమతి. గుమ్మము దాటిన పిమ్మట ఎన్నాళ్లుండవచ్చును, ఏ పని చేయవచ్చును, ఎవరి వద్ద చేయవచ్చును, భర్తనో భార్యనో బిడ్డలనో వెంట నుంచుకొనవచ్చునా, పని పోయిననాడు ఏమగును – వీనికి సమాధానములు వేరు కాగితములలో నుండును. ఒకచోట దానిని నివాసానుమతి యందురు. ఒకచోట ఇకామా యందురు. మరియొకచోట గ్రీన్ కార్డు అందురు. పేరేదైనను మనము అడుగవలసిన మాట ఒక్కటి కలదు. ఈ హక్కు నా పేరనున్నదా, నాకు జీతమిచ్చువారి పేరనున్నదా? ఉపాధ్యాయులకు మొదట దొరకు అనుమతులు చాలవరకు రెండవ జాతివి.

మన నగరమునుండి విదేశములకు పోవు కంప్యూటరు ఇంజినీర్ల సంగతి అందరును ఎరిగినదే. ఉపాధ్యాయుని పరిస్థితి దానికి భిన్నము. ఇంజినీరు ఒక కంపెనీని విడిచి మరియొక కంపెనీలో ఏ మాసమునందైనను చేరవచ్చును. బడికి సంవత్సరమున కొక్కసారి తలుపు తెరచుకొనును; అది మూసికొనిన పిమ్మట నడుమ ఉద్యోగము దొరకుట అరుదు. ఇంజినీరును లైసెన్సు చూపుమని సామాన్యముగా ఎవరును అడుగరు. ఉపాధ్యాయునకు అమెరికాలోను కెనడాలోను రాష్ట్రమున కొక లైసెన్సు కావలెను. ఇక జీతమా, పంతులు జీతము ఏ దేశమునందైనను పంతులు జీతమే. జీతమును బట్టి వరుస నిర్ణయించు దేశములలో అతడు వెనుకబడుట సహజము.

మేమెరిగిన ఉపాధ్యాయిని ఒకామె షేక్‌పేటలో కాపురముండి, నగరములోని ఒక ప్రైవేటు బడిలో గణితము చెప్పుచుండెడిది. గల్ఫులోని ఒక నగరమునుండి ఆమెకు పిలుపు వచ్చెను. జీతము ఇచ్చటిదానికి నాలుగింతలు. భర్త ఇచ్చటి కొలువు మాని వెంట నడచెను. పిల్లలిద్దరును తల్లి పనిచేయు బడిలోనే చేరిరి. మూడవ యేట ఆ బడివారు తరగతులు తగ్గించుకొనిరి. ఆమె ఒప్పందము పొడిగింపబడలేదు. అసలు సంగతి అప్పుడు బోధపడినది. ఆమె నివాసము బడి పేరున నున్నది. భర్త నివాసమును, పిల్లల నివాసమును ఆమె పేరున నున్నవి. ఒక్క కొక్కెము ఊడగా దండెము మీది బట్టలన్నియు నేలబడినట్లు, ఇంటి అద్దె, బ్యాంకు ఖాతా, కారుపై చేసిన అప్పు, పిల్లల చదువు అన్నియు ఒకే వారములో ప్రశ్నలై కూర్చున్నవి. ఫోనులో సంగతి విని అత్తగారు, "ఏందమ్మా, బడి కొలువు పోతె దేశమే ఇడిసి రావాల్నా?" అని అడిగినదట. ఆ ప్రశ్నకు కోడలి వద్ద జవాబు లేకపోయెను.

ఆ అత్తగారి ప్రశ్ననే పట్టుకొని దేశము వెంట దేశము చూతము.

అరబ్ ఎమిరేట్స్‌లో ప్రైవేటు బడి ఉపాధ్యాయునకు సామాన్యముగా దొరకునది 2 ఏండ్ల నివాసానుమతి. బడియే పూచీదారు. మనిషి 6 నెలలకు మించి దేశము వెలుపల నున్నచో అనుమతి చెల్లకపోవును. కాన్పు కనియో, తల్లిదండ్రుల అనారోగ్యమనియో పుట్టింటికి వచ్చి నిలిచిపోవు స్త్రీలు ఈ నిబంధనను మరువరాదు. ఉద్యోగము ముగిసినచో వెంటనే విమాన మెక్కవలసిన పని లేదు. 2022 అక్టోబరులో వచ్చిన మార్పులతో ఈ గడువు, అనుమతి తరగతిని బట్టి, 60 దినములనుండి 180 దినముల వరకు పెరిగినది. మన ఉపాధ్యాయిని వంటివారికి ఆ గడువు ఇంటి సామాను అమ్ముకొనుటకు చాలును గాని, విద్యాసంవత్సరము నడుమ మరియొక బడి చూచుకొనుటకు చాలదు.

ఆ దేశమున కుటుంబమునకు పూచీ యుండు విషయములో ఒక విశేషమున్నది. పూర్వము భర్తకు పూచీ యుండు హక్కు స్త్రీలలో కొన్ని వృత్తులవారికే దక్కెడిది. ఇంజినీర్లు, వైద్యులు, ఉపాధ్యాయినులు ఆ కొద్దిమందిలోనివారు. అనగా పంతులమ్మకు అచ్చట చిరకాలముగా ఒక గౌరవమున్నది. 2019లో వృత్తిని విడిచి జీతమునే ప్రమాణముగా తీసికొనిరి. నెలకు 4000 దిర్హములు గాని, 3000 దిర్హములును వసతియు గాని యున్నచో కుటుంబమును తెచ్చుకొనవచ్చును. ఆయాలు, ప్రాథమిక తరగతుల సహాయకులు మొదలగువారు ఈ మెట్టు ఎక్కలేక ఒంటరిగా నుండిపోవుచున్నారు.

గోల్డెన్ వీసా యను మాట ఇప్పుడు ప్రతి ఇంటను వినవచ్చుచున్నది. ఎమిరేట్స్‌వారు 2019లో దీనిని ఆరంభించిరి. దీని గడువు 10 ఏండ్లు. పూచీదారు అక్కరలేదు, ఆరునెలలకు పైగా వెలుపలనున్నను చెడదు, ఉద్యోగము పోయినను నివాసము నిలుచును. అత్తగారి ప్రశ్నకు ఆ దేశమున దొరకు సరియైన జవాబు ఇదియే. 2024 అక్టోబరులో దుబాయి ప్రభుత్వము దీనిని ప్రైవేటు బడులలోని విశిష్ట ఉపాధ్యాయులకును ఇచ్చెదమని ప్రకటించినది. అయితే ఉపాధ్యాయుడు తనంతట తాను పోయి అడుగుటకు వీలులేదు. బడి పేరు సూచింపవలెను. విద్యార్థుల ప్రగతి, పనిలో చూపిన ప్రతిభ మొదలగునవి పరిశీలింతురు. పదేండ్ల తరువాత మరల పొందవలసినదే. పౌరసత్వమునకు ఇది దారి కాదు. "గోల్డెన్ వీసా ఇప్పింతుము, ఇంత రొక్కము కట్టుడు" అని ఫిల్మ్‌నగర్‌లో గాని మరియెచ్చట గాని ఎవరైన చెప్పినచో, ఉపాధ్యాయులు ఆ గుమ్మము దిగి వచ్చుట మంచిది.

మాల్దీవులలో మన దేశపు ఉపాధ్యాయులు చిరకాలముగా పనిచేయుచున్నారు. వారిలో తెలుగువారును కలరు. చిన్న చిన్న దీవులు, సముద్రము నడుమ బడి, ఆదరముగల జనము. నాలుగు డబ్బులు వెనుక వేసికొని వచ్చుటకు అనుకూలమైన చోటు. స్థిరపడుటకు మాత్రము కాదు; 2008 నాటి రాజ్యాంగము ప్రకారము ముస్లిము కానివారు అచ్చట పౌరులు కాజాలరు. ఈ సంగతి ముందే తెలిసికొని పోయినవారు సంతోషముగా తిరిగి వచ్చుట చూచితిమి. ఇథియోపియా విశ్వవిద్యాలయములకు పోయిన మన లెక్చరర్ల సంగతియు కొంచెమించుమించుగా ఇంతియే.

ఇక అమెరికా. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో వెలసిన అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారినది. షేక్‌పేటవారికి అది ఇప్పుడు పొరుగు. ఉదయమున ఫైళ్లు చేతబట్టి అచ్చటికి పోవు ఉపాధ్యాయులు రెండు తెగలవారు. ఒకరు జె-1 వారు, ఒకరు హెచ్-1బి వారు. చూచుటకు ఇద్దరును ఒకే బడికి పోవుచున్నట్లుండును. దారులు మాత్రము పూర్తిగా వేరు.

జె-1 యనునది వినిమయ పథకము. అమెరికా విద్యార్థులకు మన సంస్కృతి పరిచయము కావలెను, మన ఉపాధ్యాయుడు అచ్చటి పద్ధతులు నేర్చి స్వదేశమునకు తెచ్చి యుపయోగింపవలెను – ఇదియే దాని ఉద్దేశము. డిగ్రీ కావలెను, 2 ఏండ్ల బోధనానుభవము కావలెను, ఇంగ్లీషు బాగుగ రావలెను. 3 ఏండ్లు పని చేయవచ్చును. బడి కోరినచో మరి 1 లేక 2 ఏండ్లు పొడిగింతురు. 5 ఏండ్లకు మించదు. మరల అదే పథకమున పోవలెనన్నచో నడుమ 2 ఏండ్లు అమెరికా వెలుపల నుండవలెను. భర్తకో భార్యకో పని చేయుటకు అనుమతి కోరవచ్చును. ఇది దీనిలోని మేలు. పథకము ముగిసిన పిదప 30 దినములలో మూటాముల్లె సర్దుకొనవలెను. తిరిగి వత్తుమని నమ్మకము కలిగించిననే వీసా ఇత్తురు గనుక, ఇంటర్వ్యూలో "అచ్చటనే స్థిరపడెదను" అనుట కొంప ముంచును.

దీనితో ముడివడిన మరియొక నియమము చాలకాలము మనవారిని బాధించినది. అమెరికా ప్రభుత్వము దేశము వారీగా విద్యల జాబితా ఒకటి ప్రకటించును. ఆ జాబితాలోని విద్యతో జె-1పై వచ్చినవాడు స్వదేశమునకు పోయి 2 ఏండ్లుండిన గాని హెచ్-1బి గాని గ్రీన్ కార్డు గాని పొందుటకు వీలులేదు. 2009 నాటి జాబితాలో మన దేశము పేరు అనేక విద్యల కెదురుగా నుండెను. 2024 డిసెంబరులో జాబితాను సవరించి మన దేశమును అందులోనుండి తొలగించిరి. అంతకుముందు దాని కారణముగా బద్ధులైనవారికిని ఈ విడుదల వర్తించినది. అయినను ప్రభుత్వ ధనముతో పోయినవారికి రెండేండ్ల బంధనము వేరుగా నుండును. పత్రికలలో మూల నెక్కడనో అచ్చయిన ఈ వార్త పెక్కు కుటుంబముల రాతను మార్చినది. మేమెరిగిన ఇండ్లలో ఒకరిద్దరికి ఇప్పటికిని ఈ సంగతి తెలియదు.

హెచ్-1బి దారి వేరు. అది 3 ఏండ్లకు ఇచ్చి మరి 3 ఏండ్లు పొడిగింతురు. స్థిరపడవలెనను కోరిక యున్నను తప్పు పట్టరు. కాని ఏడాదికి 85,000 మాత్రమే. అడుగువారు ఎక్కువగా నుండుటచే ఎంపిక తప్పదు. విశ్వవిద్యాలయములకు ఈ పరిమితి లేదు. సాధారణమైన బడులకు కలదు. అందుచే కాలేజీలో చెప్పువానికి దొరకినంత సులభముగా ఐదవ తరగతికి చెప్పువానికి దొరకదు. దీనిపై 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన వచ్చిపడినది: దేశము వెలుపల నున్నవారికై కొత్తగా పెట్టు దరఖాస్తునకు యజమాని 1,00,000 డాలర్లు చెల్లింపవలెను. పెద్ద కంపెనీలకే ఇది బరువు. పన్నుల డబ్బుతో నడచు జిల్లా బడి ఒక లెక్కల పంతులు కొరకు అంత సొమ్ము వెచ్చించునని మేమనుకొనము.

హెచ్-1బి దొరకి, బడి గ్రీన్ కార్డునకు సిఫారసు చేసినదనుకొందము. అప్పుడు వరుస మొదలగును. ఉద్యోగముల మీద నిచ్చు గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని 7 శాతమునకు మించి ఇయ్యరు. మనవారి సంఖ్య మిక్కిలి యగుటచే వరుస దశాబ్దములకు సాగినది. దరఖాస్తు ఒక దశ దాటినచో 6 ఏండ్లు నిండినను హెచ్-1బిని పొడిగించుకొనుచు నుండవచ్చును; భార్యకో భర్తకో పని చేయు అనుమతి కూడ 2015 నుండి అట్టివారికి లభించుచున్నది. బిడ్డల సంగతియే కష్టము. తల్లిదండ్రుల వెంట చిన్ననాడు వచ్చిన బిడ్డ 21 ఏండ్లు నిండగనే వారి అనుమతి నీడనుండి వెలుపలికి వచ్చును. అప్పుడు ఆ యువకుడు తనకు తెలిసిన ఒకే యొక్క ఊరిలో ఉండుటకు వేరుగా విద్యార్థి వీసా వెదకికొనవలెను. పదిమంది పిల్లలకు పాఠము చెప్పిన ఇంట ఇట్టి స్థితి వచ్చుచున్నది.

యజమాని పేరున హక్కు ఉండుట ఎంత ప్రమాదమో తెలుపుటకు మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బడుల ఉదంతము చాలును. ఆ కౌంటీవారు విదేశములనుండి ఉపాధ్యాయులను రప్పించుకొనిరి. వారిలో ఫిలిప్పైన్స్‌వారు అధికులు. చట్టము ప్రకారము యజమాని భరింపవలసిన వీసా ఖర్చులను ఉపాధ్యాయులచేతనే పెట్టించిరి. అమెరికా కార్మిక శాఖ విచారించి తప్పు పట్టినది. 2011లో రాజీ కుదిరి, 1044 మంది ఉపాధ్యాయులకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లింప నిర్ణయమైనది. ఇంతవరకు న్యాయముగనే యున్నది. కాని శిక్షలో మరియొక భాగమున్నది: 2 ఏండ్లపాటు ఆ కౌంటీ విదేశీ ఉద్యోగులకై దరఖాస్తు పెట్టరాదు, ఉన్నవారి వీసాలు పొడిగింపరాదు. నేరము బడులది, వాటితోపాటు దేశము విడువవలసిన స్థితి ఉపాధ్యాయులకు కూడ వచ్చినది. వారి చేతికి డబ్బు వచ్చినది, కాలి క్రింది నేల పోయినది. చట్టమును వ్రాసినవారు ఉపాధ్యాయునకు మేలు చేయవలెననియే తలచియుందురు.

కెనడా పద్ధతి తలక్రిందులుగా నున్నది. అచ్చట మొదట మనిషిని ఎంచుకొందురు, ఉద్యోగము తరువాత. వయస్సు, చదువు, ఇంగ్లీషు లేక ఫ్రెంచి ప్రావీణ్యము, అనుభవము వీనికి మార్కులు వేసి పిలుపు పంపుదురు. 2025లో ప్రత్యేకముగా పిలువదగిన వృత్తుల పట్టికలో విద్యారంగమును చేర్చిరి. ఉపాధ్యాయులు, శిశువిద్యా బోధకులు అందులోనికి వచ్చిరి. పిలుపు వచ్చినవారు శాశ్వత నివాసులుగా దిగుదురు. బడి పోయినను దేశము పోదు. 5 ఏండ్లలో 730 దినములు అచ్చట నుండినచో హోదా నిలుచును. అయితే చిక్కు లేకపోలేదు. శాశ్వత నివాసము కేంద్ర ప్రభుత్వ మిచ్చును. బోధించుటకు లైసెన్సు ఆయా రాష్ట్రమిచ్చును. నివాసము చేతబట్టుకొని, లైసెన్సు వచ్చువరకు దుకాణములో నిలువబడు ఉపాధ్యాయులను గూర్చి వినుచున్నాము. ఉండుటకు హక్కుండి చెప్పుటకు హక్కులేని స్థితి యది. గల్ఫులోనిదానికి సరిగా ఎదురు.

ఇంగ్లండు 2023 ఫిబ్రవరిలో మనకు ఒక ద్వారము తెరచినది. అంతవరకు కొన్ని దేశముల ఉపాధ్యాయులకే నేరుగా నిచ్చుచుండిన అర్హత పత్రమును మన దేశమునుండి వచ్చు గణిత, విజ్ఞానశాస్త్ర, భాషోపాధ్యాయులు కూడ కోరుటకు వీలు కలిగినది. ఉద్యోగము దొరకినచో నైపుణ్యముగల కార్మికుల వీసాపై పోవుదురు. 5 ఏండ్ల తరువాత స్థిర నివాసము కోరుట అచ్చటి పద్ధతిగా నుండెను. దానిని సామాన్యముగా 10 ఏండ్లకు పెంచవలెనని 2025లో ఆ ప్రభుత్వము ప్రతిపాదించినది. పోదలచినవారు సంతకము చేయు నాటికి ఏ లెక్క అమలులో నున్నదో స్వయముగా చూచుకొనవలెను. నిరుటి యేడు పోయిన మేనత్త కొడుకు చెప్పిన లెక్క పనికిరాదు.

ఇంగ్లీషు బోధించువారికి ఒక చేదు సంగతి. దక్షిణ కొరియా మొదలగు దేశములు ఇంగ్లీషు బోధనకు వీసా, ఆ భాష మాతృభాషగా గల కొద్ది దేశములవారికే ఇచ్చుచుండును. 2010 జనవరిలో అమలైన భారత కొరియా ఒప్పందముతో, ఇంగ్లీషు బోధనకు లైసెన్సుగల మనవారు అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో సహాయక బోధకులుగా చేరుటకు సందు దొరకినది. సందు చిన్నదే. ఆంగ్ల బోధనకై 1958లో మన హైదరాబాదులోనే ఒక కేంద్రసంస్థ వెలసి నేడు విశ్వవిద్యాలయమైనది; ఇంగ్లీషు నేర్చుటకు పలుదేశములవారు అచ్చటికి వచ్చుచుందురు. ఆ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివిన తెలుగు పిల్లకు ఇంగ్లీషు చెప్పు అర్హత లేదనుట వింతగా తోచును.

కాగితముల మాట చెప్పక విడువరాదు. మనవారికి వచ్చు ఆటంకములలో సగము చట్టమునుండి గాక పేరునుండి వచ్చుచున్నవి. మన ఇంటిపేరు ముందు వచ్చును. పదవ తరగతి సర్టిఫికెట్టులో అది ఒక్క అక్షరమై నిలుచును. డిగ్రీలో రెండక్షరములగును. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వేరొక గడిలో చేరును. పెండ్లియైన పిదప స్త్రీకి భర్త ఇంటిపేరు వచ్చి చేరును. ముగ్గురు మనుష్యుల కాగితములా యని పరదేశపు అధికారి సందేహించిన తప్పు లేదు. ప్రయాణము తలపెట్టిన నాడే ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచుకొనవలెను. పెండ్లి రిజిస్ట్రేషను పత్రము ఉండవలెను. 2002 నాటి చట్టము మన రాష్ట్రములలో దానిని తప్పనిసరి చేసినను, శుభలేఖ చాలునని నమ్ము దంపతులు ఇంకను కలరు.

సర్టిఫికెట్టులకు ధ్రువీకరణ ముద్ర అవి పుట్టిన రాష్ట్రములోనే మొదట పడవలెను. ఉస్మానియా డిగ్రీకి తెలంగాణలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు డిగ్రీకి ఆంధ్రప్రదేశ్‌లో. భార్యది వరంగల్లు, భర్తది గుంటూరు అయిన షేక్‌పేట సంసారము 2014 తరువాత రెండు సచివాలయముల చుట్టు తిరుగవలసి వచ్చినది. ఆపై విదేశాంగ శాఖ ముద్ర. అపోస్టిల్ ఒడంబడికలో మన దేశము 2005లో చేరినది గనుక, అందులోనున్న దేశములకు ఆ ఒక్క ముద్ర చాలును. ఎమిరేట్స్ అందులో లేదు. వారి రాయబార కార్యాలయపు ముద్ర కూడ కావలెను. ఏజెంటు ద్వారా పోవువారు అతడు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైనవాడో కాడో ఈ-మైగ్రేట్‌లో చూచుకొనవచ్చును. అట్టివాడు సేవా రుసుముగా 30,000 రూపాయలును దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు.

పరదేశముల కాఠిన్యమును ఇంతగా చెప్పిన మీదట మన ఇంటి సంగతియు చూడవలెను. షేక్‌పేటకు పడమటనున్న అంతర్జాతీయ పాఠశాలలకు విదేశీ ఉపాధ్యాయులు వచ్చుచుందురు. వారికి మనమిచ్చు ఉద్యోగ వీసాకు సామాన్యముగా ఏడాదికి 16.25 లక్షల రూపాయల జీతముండవలెను. ఇంగ్లీషు తప్ప తక్కిన భాషలు నేర్పువారికి ఈ హద్దు లేదు. అందుచే ఫ్రెంచి చెప్పునామె కొద్ది జీతమునకు రావచ్చును, గణితము చెప్పునాయన రాలేడు. 180 దినములకు మించిన వీసాపై వచ్చినవారు 14 దినములలో విదేశీయుల నమోదు కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. పొడిగింపులతో కలిపి 5 ఏండ్లు. 1920, 1939, 1946, 2000 సంవత్సరముల నాటి నాలుగు చట్టములను రద్దు చేసి, 2025 సెప్టెంబరు 1 నుండి ఒకే చట్టము అమలులోనికి తెచ్చితిమి. కాని విదేశీ ఉపాధ్యాయునకు స్థిర నివాసమను మాట మన వద్దను లేదు. 2016లో ఏర్పడిన శాశ్వత నివాస హోదా కోట్లు పెట్టుబడి పెట్టువారిది. ఫిల్మ్‌నగర్ కొండ మీద అద్దె కుండి, పక్కింటివారి పిల్లలచేత ఫ్రెంచి మాటలాడించు ఆ పరదేశపు ఉపాధ్యాయిని కూడ గోడమీది క్యాలెండరు చూచుచు బ్రతుకుచున్నదే.

మొదట చెప్పిన గణితోపాధ్యాయిని ఇంటికి తిరిగి వచ్చి రెండేండ్లు ఇచ్చటనే పాఠములు చెప్పెను. తరువాత గల్ఫులోనే మరియొక నగరమునుండి పిలుపు వచ్చినది. ఈసారి ఆమె జీతము సంగతి చివరను అడిగినది. ముందుగా బడివారికి నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపినది: విద్యాసంవత్సరము నడుమ ఒప్పందము ముగించినచో ఆ యేటి చివరివరకు జీతమిత్తురా? నివాసానుమతిని రద్దు చేయుటకు ముందు ఎన్ని దినముల నోటీసు? పిల్లల చదువు ఆ యేడు ముగియనిత్తురా? గోల్డెన్ వీసాకు ఇదివరలో మీరెవరి పేరైన పంపితిరా? మూడింటికి సమ్మతించుచు జవాబు వచ్చినది. నాల్గవదానికి, ఇంతవరకు పంపలేదని వ్రాసిరి. ఆమె సంతకము చేసి పంపెను. భర్త మాత్రము ఈసారి తన కొలువు విడువలేదు. మొదటి యేడు పిల్లలతో షేక్‌పేటలోనే యుందునని చెప్పెను. అత్తగారు ఫోనులో వారమునకొకసారి అడుగుచునేయున్నదట, బడి బాగుగ నడుచుచున్నదా యని.